412వ లైనుకి వంపు ఎవరు పెట్టారు?

శుక్రవారం సాయంత్రం మరాయా కతేనే కంప్యూటరు కట్టేసి ఇంటికి బయలుదేరే వేళకి ఆమెకి తెలిసింది ఇంతే. జూన్‌లో పదవీ విరమణ చేసి, అందరి చేతా చప్పట్లు కొట్టించుకుని వెళ్ళిపోయిన మెర్విన్ టిప్పెట్, ఆగస్టు నెలంతా అదే ఆఫీసులో పని చేశాడు. మనిషి రాలేదు. పేరు వచ్చింది. ప్రాజెక్టు ఫైళ్ళలో ఎవరు ఏ రోజు ఏం మార్చారో చెప్పే పట్టికలో, వరసగా పంతొమ్మిది చోట్ల, ఆయన పేరు ఉంది.

మరాయా ఆ ఆఫీసులో చేరి ఐదు వారాలైంది. పదకొండేళ్ళు ఆస్ట్రేలియాలో పైపుల డిజైను చేసి, ఇక చాలనుకుని న్యూజిలాండ్‌లోని తన తారనాకీకి తిరిగొచ్చింది. మూడు నెలలు పని చూసి ఉంచుకుంటారో పంపేస్తారో తేలుస్తామన్నారు. అప్పగించిన పని, అందరూ మెర్వ్ అని పిలిచే ఆ టిప్పెట్ వదిలి వెళ్ళిన గ్యాసు శుద్ధి కేంద్రం ప్రాజెక్టు ఫైళ్ళు సర్దడం. "సర్దడమే కదా, నాలుగు రోజుల పని" అన్నాడు మేనేజరు ఫ్రేజర్ డన్. తెరిచి చూస్తే ఒకే ప్రాజెక్టుకి నాలుగు ఫోల్డర్లు. ఒకదాని పేరు "తుది". ఇంకోదాని పేరు "తుది-2". మూడోది "అసలు తుది". నాలుగోది "ముట్టుకోవద్దు". కిందామీదా పడి మొదటి రెండూ పాతవని తేల్చింది. మిగిలిన రెండింట్లోనూ వాల్వులు, పంపులు, ట్యాంకులు అన్నీ అచ్చుగుద్దినట్టు ఒకటే. ఒక్క 412వ లైను తప్ప. "అసలు తుది"లో ఆ పైపు నలభై మీటర్లు ముక్కుసూటిగా వెళ్తుంది. "ముట్టుకోవద్దు"లో సగం దూరం వెళ్ళాక పక్కకి తిరిగి, రెండు మీటర్ల ఖాళీ నేలని చుట్టి, మళ్ళీ దారిలోకి వస్తుంది. ఆ ఖాళీ నేలలో ఏమీ లేదు. ట్యాంకు లేదు, స్తంభం లేదు, దారి లేదు.

సోమవారం పొద్దున ఎనిమిదింటికి ఆమె కుర్చీలో కూర్చోకముందే ఫోను మోగింది. పైపులు కోసి అతికే వర్క్‌షాపు నుంచి తవీటా.

"సిస్, నీ 412 తాగొచ్చిందా?"

"ఏమైంది?"

"గురువారం వచ్చిన బొమ్మలో బుద్ధిమంతుడిలా సూటిగా పోతోంది. శుక్రవారం వచ్చినదాంట్లో పక్కకి తూలి మళ్ళీ తమాయించుకుంది. నంబరు అదే, సైజు అదే. నా కుర్రాళ్ళు వెల్డింగు టార్చీలు పట్టుకుని నన్ను చూస్తున్నారు, నేను నిన్ను చూస్తున్నాను. ఏది అతకమంటావ్?"

"గురువారం పంపింది నేనే. శుక్రవారం నేనేమీ పంపలేదు తవీటా."

"అయితే మీ ఆఫీసు దయ్యం పంపింది. కింద మీ ముద్ర ఉంది మరి."

మరాయాకి వెంటనే అర్థమైంది, పంపింది ఎవరూ కాదని. వారంలో మారిన బొమ్మలన్నీ శుక్రవారం నాలుగింటికి వాటంతటవే వర్క్‌షాపుకి వెళ్ళే ఏర్పాటు ఉంది. కంప్యూటర్లో కట్టిన మోడల్లో పైపు ఎటు తిరిగితే, వెల్డరు చేతికి వెళ్ళే బొమ్మలోనూ అటే తిరుగుతుంది. కానీ మోడల్ మారితే కదా! గురువారం మధ్యాహ్నం "అసలు తుది"లో ఆ పైపుని తన కళ్ళతో సూటిగా చూసింది.

"ఏదీ అతక్కు. నేను మళ్ళీ ఫోను చేస్తాను."

"చెయ్యి చెల్లీ, మా వాళ్ళకి టీ పెట్టిస్తాను ఈలోపల."

ఆమె "అసలు తుది" తెరిచింది. 412 వంగి ఉంది. మార్చిన వారు: మెర్విన్ టిప్పెట్. శుక్రవారం, ఉదయం తొమ్మిది నలభై.

తెరకేసి అలా చూస్తూనే ఉండిపోయింది. పక్క ఫోల్డరులో ఉన్న వంపు ఈ ఫోల్డరులోకి ఎలా నడిచొచ్చింది? తను పొరపాటుగా చూసిందా? గురువారం తను తెరిచింది ఇదేనా, ఇంకోటా? ఐదు వారాలుగా ఒకే పేరున్న ఫైళ్ళ మధ్య తిరిగి తిరిగి, తన కళ్ళ మీద తనకే నమ్మకం సన్నగిల్లింది.

ఫ్రేజర్ గది తలుపు తెరిచే ఉంది. మాంసం పఫ్ ఒక చేత్తో, ఫోను ఇంకో చేత్తో పట్టుకుని ఉన్నాడు. మరాయా సంగతి చెప్పింది. ఆయన పఫ్‌ని కాగితం సంచిలో పెట్టేశాడు.

"కంప్యూటర్ల వాళ్ళు ఆయన పేరు మూసేయడం మరిచిపోయుంటారు."

"పేరు మూయకపోతే పేరు ఉంటుంది ఫ్రేజర్, పని జరగదు. ఎవరో కూర్చుని పైపు వంచారు."

"ఎవరైతేనేం. సూటిగా ఉన్నదే సరైంది. వంపు తీసేయ్, ఆ 'ముట్టుకోవద్దు' ఫోల్డరు మొత్తం చెరిపేయ్. కాంట్రాక్టరు డాల్టన్ పదకొండింటికి గోతులు మొదలెడుతున్నాడు, సూటి దారిలోనే. ఇంకో మూడు వారాల్లో కొత్త పైపులు కలపడానికి ప్లాంటు ఆపుతారు. ఈలోగా పైపుని మోసే స్తంభాలు లేవాలి."

"వంపు ఎందుకు పెట్టారో మెర్వ్‌నే ఒక్క మాట అడిగితే?"

"వద్దు." ఆ మాట చాలా తొందరగా వచ్చింది. ఆ తొందర ఆయనకే వినిపించినట్టుంది, గొంతు తగ్గించాడు. "పెద్దాయన్ని వదిలెయ్ మరాయా. ముప్ఫై ఒక్కేళ్ళు చేశాడు. విశ్రాంతిగా ఉండనీ."

చెరిపేయమన్న ఫోల్డరుని ఆమె చెరపలేదు. రెండు బొమ్మలూ అచ్చు తీసి, మడిచి, కోటు జేబులో పెట్టుకుని కారెక్కింది. సెప్టెంబరులో సముద్రం పోటు ఉన్న పొద్దున మెర్వ్ ఎక్కడుంటాడో ఆ ఆఫీసులో అందరికీ తెలుసు. వైతారా నది ఒడ్డున, వైట్‌బెయిట్ అనే చిన్న చేపల కోసం వల పట్టుకుని.

ఆ పొద్దున మబ్బు లేదు. దూరాన మంచుకొండ అడుగు నుంచి కొస దాకా తెల్లగా కనిపిస్తోంది. నది సముద్రంలో కలిసే చోట, గట్టు మీద పదిమంది దాకా నిలబడి ఉన్నారు, ఒకరి చోటులోకి ఒకరు పోకుండా. ఎత్తు బూట్లు వేసుకుని, పొడుగు కర్ర వలని నీళ్ళలో ఆనించి నిలబడ్డ సన్నటి మనిషిని ఎవరో చూపించారు. పాత ఫోటోల్లో చూసిన మొహమే. శుభ్రంగా గీసిన గడ్డం. చలికోటు కింద ఇస్త్రీ చేసిన ఆఫీసు చొక్కా.

"మెర్వ్, నేను మరాయా. మీ కుర్చీలోకి వచ్చినదాన్ని."

"ఆ కుర్చీ ఎడమ చక్రం తిరగదు, చెప్పలేదా ఎవరూ?" ఆయన నవ్వాడు. "ష్, కదలకు అమ్మాయ్. నీడ పడితే ఇవి పారిపోతాయి."

వల ఎత్తాడు. అడుగున గాజు దారాల్లాంటి చేపలు ఒక పిడికెడు గిలగిల్లాడాయి. వాటిని బకెట్లో వంచి, తీరిగ్గా ఆమె వైపు తిరిగాడు. మరాయాకి ప్రాణం కుదుటపడింది. మనిషి బాగున్నాడు, మాట బాగుంది. రెండు బొమ్మలూ విప్పి చూపించింది.

"వీటిలో ఏది సరైంది?"

ఆయన ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "వంపు ఉన్నది."

"ఎందుకు?"

"అక్కడ బెరిల్ నిమ్మచెట్టు ఉంది కదా. చెట్టు కొట్టేస్తే నన్ను ఇంట్లోకి రానిస్తుందా?"

మరాయా నవ్వింది. ఆయన నవ్వలేదు. ఆమె నవ్వు సగంలో ఆగింది.

"గ్యాసు ప్లాంటులో నిమ్మచెట్టా మెర్వ్?"

"నువ్వే కదా నీళ్ళు పోసేదానివి." ఆయన మళ్ళీ వల నీళ్ళలో పెట్టాడు. "ట్రిష్, ఫ్రేజర్‌కి వాల్వుల జాబితా ఇచ్చేశావా? మధ్యాహ్నం అడుగుతాడు."

ఆ ట్రిష్ ఎవరో మరాయాకి తెలియదు. తాతయ్య చివరి రెండేళ్ళూ తనని అమ్మ పేరుతో పిలిచేవాడు. అదే చూపు. ఎదురుగా ఉన్న మనిషిని దాటి, ఆ వెనక ఉన్న ఇంకో ఏడాదిని చూస్తున్నట్టు.

"ఇచ్చేశాను" అంది.

"మంచిది."

వెనక నుంచి ఎవరో ఆమె మోచేయి పట్టుకున్నారు. పొట్టిగా, ఉన్ని టోపీ పెట్టుకున్న ముసలావిడ. "నేను బెరిల్‌ని. ఇలా రా అమ్మా, కారు దగ్గరికి. ఆయన పోటు తగ్గేదాకా కదలడు."

కారు దగ్గరికి వెళ్ళాక ఫ్లాస్కులోంచి టీ వంచి ఇచ్చింది బెరిల్. ఇస్తూనే అడిగింది. "ఫ్రేజర్ పంపాడా?"

"లేదు. వద్దన్నాడు."

"మరి?"

"ఆఫీసు ఫైళ్ళలో ఎవరో మెర్వ్ పేరుతో పని చేస్తున్నారు. ఎవరో తెలియక వచ్చాను."

బెరిల్ నది వైపు చూసింది. "ఎవరో కాదు, ఆయనే. పోటు ఉన్న రోజు నదికి వస్తాడు. లేని రోజు ఎనిమిదింటికి చొక్కా వేసుకుని లాప్‌టాప్ ముందు కూర్చుంటాడు. పన్నెండింటికి లేచి అన్నానికి వస్తాడు. జూన్‌లో మానేసిన వారం, తెల్లారగానే ఇంట్లోంచి వెళ్ళిపోయి హైవే మీద నడుస్తున్నాడు, ఆఫీసుకి ఆలస్యమైందని. పోలీసులు తెచ్చి దించారు. అప్పుడు ఫ్రేజర్ వచ్చాడు. ప్రాజెక్టుకి ఒక నకలు తీసి ఇస్తున్నాను, ఆయన్ని దాంట్లో ఆడుకోనీ, అసలుదానికి దీనికి సంబంధం లేదు, ఎవరికీ నష్టం ఉండదు అన్నాడు. ఆ రోజు నుంచి మా ఇంట్లో ప్రశాంతంగా ఉంది."

మరాయా చేతిలో టీ అలాగే ఉంది. "ఆ నకలు పేరు 'ముట్టుకోవద్దు'నా?"

"నాకు పేర్లు తెలియవమ్మా."

పేర్లు తెలియక్కర్లేదు. మరాయాకి గురువారం గుర్తొచ్చింది. రెండు ఫోల్డర్లలో ఒకే మోడల్ రెండుసార్లు ఎందుకని, ఒకటి తీసి పక్కన పెట్టి, రెండు ఫోల్డర్లనీ మిగిలిన ఒక్క మోడల్‌కే ముడివేసింది. సర్దడమంటే అదే కదా. ఆ ముడితో పెద్దాయన ఆట స్థలానికీ అసలు ప్లాంటుకీ మధ్య ఉన్న గోడని తనే పడగొట్టింది. శుక్రవారం పొద్దున ఆయన మామూలుగా కూర్చుని, మామూలుగా ఏదో కదిపాడు. ఆ కదిపింది నేరుగా తవీటా బల్ల మీదికి వెళ్ళింది.

"బెరిల్, తప్పు నాది. నాకు ఎవరూ చెప్పలేదు. కానీ ఆ లాప్‌టాప్‌కి ఆఫీసుతో ఉన్న దారి మూసేయాలి. ఇవాళే."

"మూసేయ్." బెరిల్ టోపీ తీసింది. జుట్టంతా గాలికి రేగింది. "మూసేసి రేపు ఎనిమిదింటికి మా ఇంటికి రా. ఆయన చొక్కా గుండీలు పెట్టుకుని, అది తెరిచి, తెరుచుకోక, నా వైపు చూస్తాడు. అప్పుడు నువ్వే చెప్పు, మీకు ఉద్యోగం లేదండీ అని. నేను ఇప్పటికి ఏడుసార్లు చెప్పాను. ప్రతిసారీ కొత్తగా వింటాడు."

"ఆ పైపుల్లో గ్యాసు పారుతుంది బెరిల్. తప్పు బొమ్మతో కడితే మనుషులు పోతారు."

"నాకు తెలియదా? ముప్ఫై ఒక్కేళ్ళు నాకు అన్నం పెట్టింది ఆ పైపులే."

మరాయాకి కోపం ఎవరి మీదో తేలలేదు. జాలిపడి నకలిచ్చి ఆ మాట దాచిన ఫ్రేజర్ మీదా, చూడకుండా ముడివేసిన తన మీదా? ఎదుట నిలబడ్డ ఈవిడ మీద మాత్రం రాలేదు.

బకెట్టు పట్టుకుని మెర్వ్ గట్టు ఎక్కి వచ్చాడు. కారు బానెట్ మీద, గాలికి ఎగిరిపోకుండా ఫ్లాస్కు కింద పెట్టిన సూటి పైపు బొమ్మ ఉంది. బకెట్టు కింద పెట్టి, కళ్ళజోడు ముక్కు మీదికి జరుపుకుని, దాని మీదికి వంగాడు. తడి వేలు నలభై మీటర్ల గీత వెంట నెమ్మదిగా నడిచి, సగంలో ఆగింది.

"ఇక్కడ స్తంభం వేస్తున్నారా?"

గొంతు మారింది. ఇందాకటి తీరిక లేదు అందులో.

"అవును. పదకొండింటికి గొయ్యి తీస్తారు" అంది మరాయా.

"ఎంత లోతు?"

"మీటరున్నర."

"ఆపించు. కింద పాత లైను ఉంది. తొంభై నాలుగులో మొదటి గ్యాసు బావి నుంచి వేసింది. ఆరంగుళాలది. ఖాళీ చేసి మూసేశామని రాశారు కానీ, అటు చివర మూశారు, ఇటు చివర మూయలేదు. గ్యాసు ఉంటుంది దాంట్లో. నేను అక్కడే నిలబడి ఉన్నాను, వర్షంలో."

"ఏ బొమ్మలో ఉంది మెర్వ్? కంప్యూటర్లో ఎక్కడా లేదు."

"కంప్యూటర్లో ఎలా ఉంటుంది? అది కాగితం మీద ఉంది. పాతవన్నీ ఎక్కించమన్నారు, అది ఎక్కించలేదు నేను. ఎక్కిద్దామనుకుంటూ..." ఆయన వేలు కాగితం మీదనే ఉంది. మొహం మాత్రం మెల్లగా వదులైంది. "ఎండాకాలం దాని కింద కుర్చీ వేసుకుంటే ఎంత చల్లగా ఉంటుందనుకున్నావ్. కాయలు మాత్రం పులుపు. కదా బెరిల్?"

"పులుపే" అంది బెరిల్. మరాయా వైపు తిరిగింది. "నన్నడక్కు అమ్మా. ఏది నిజమో నాకూ తెలియడం మానేసింది. మా ఇంటి వెనక నిమ్మచెట్టు ఉంది. పాత లైను గురించి మాత్రం ఎప్పుడూ వినలేదు."

గడియారం పదిన్నర దాటింది.

మరాయా కాగితం చేతిలోకి తీసుకుంది. ఒకే నోటితో, ఒకే చోటు గురించి, ఒక పావుగంటలో రెండు మాటలు. మొదటిది కచ్చితంగా మతి తప్పినది. రెండోదానిలో అంగుళాలున్నాయి, ఏడాది ఉంది, వర్షం ఉంది. కానీ మతి తప్పినవాళ్ళ మాటల్లోనూ వర్షాలుంటాయి. తాతయ్య చెప్పిన యుద్ధాలు సగం ఆయనవి కావు, వాళ్ళ అన్నయ్యవి. తవ్వేముందు నేలలోపల వెతికే యంత్రంతో చూసి ఏమీ లేదని డాల్టన్ రాసి ఇచ్చాడు. వెతికింది ఎక్కడ? బొమ్మల్లో లైనులున్నాయని చూపించిన చోట. బొమ్మలో లేనిచోట ఎవరు వెతుకుతారు?

ఆగస్టులో ఎవరూ చెప్పకుండా, ఎవరూ చూడని నకలులో కూర్చుని, ఆ పెద్దాయన అన్నీ వదిలేసి ఈ ఒక్క పైపునే ఎందుకు వంచాడు? శుక్రవారం మళ్ళీ అదే చోట, అంతే దూరం ఎందుకు వంచాడు?

ఆమె డాల్టన్‌కి ఫోను చేసింది. వెనకాల యంత్రం చప్పుడు అప్పుడే వినిపిస్తోంది.

"డాల్టన్, ఆపండి. 412 దారిలో ఏ గొయ్యీ తీయొద్దు."

"ఇప్పుడా? తవ్వే యంత్రం తొట్టి గాల్లో ఉంది. ఎందుకు?"

"కింద పాత గ్యాసు లైను ఉండొచ్చు."

"ఉండొచ్చా? ఎవరు చెప్పారు?"

మెర్వ్ బకెట్టు ముందు చతికిలబడి, చేపల్లో ఇరుక్కున్న నాచు పోగుల్ని ఒక్కొక్కటే తీస్తున్నాడు. ఆ పని ఎంత శ్రద్ధగా చేస్తున్నాడంటే, ప్రపంచంలో ఇక వేరే పని లేదన్నట్టు.

"నేను చెప్తున్నాను" అంది మరాయా.

అవతల ఎవరితోనో "కట్టెయ్యరా" అన్నాడు డాల్టన్. చప్పుడు ఆగింది. "పన్నెండు దాకా ఆపుతాను. తర్వాత నాకు కాగితం కావాలి. నోటిమాట మీద ఎనిమిది మందిని కూర్చోబెట్టలేను."

ఫోను దింపి పక్కకి తిరిగింది. "బెరిల్, ఆయన పాత కాగితాలు ఎక్కడుంటాయి? ఇంట్లోనా?"

"గ్యారేజీలో ఉండేవి. పెద్ద పెద్ద చుట్టలు, ఇరవై దాకా. ఎవరినీ ముట్టుకోనిచ్చేవాడు కాదు."

"ఉండేవా?"

"ఫ్రేజర్ పట్టుకెళ్ళాడుగా. లాప్‌టాప్ ఇవ్వడానికి వచ్చిన రోజే. ఆఫీసు కాగితాలు ఆఫీసులో ఉండాలని."

ఐదు వారాలుగా మరాయా ఆ ఆఫీసులో ప్రతి అలమరా తెరిచింది, ప్రతి అట్టపెట్టె దులిపింది. కాగితం చుట్ట ఒక్కటి కనబడలేదు. అడిగినప్పుడల్లా ఫ్రేజర్ ఒకే మాట అన్నాడు, పాతవన్నీ ఎప్పుడో కంప్యూటర్లోకి ఎక్కించేశామని.

ఫోను మోగింది. ఫ్రేజర్.

"డాల్టన్ పని ఆపేశాడట. నువ్వు ఆపమన్నావట. నీకు పిచ్చి పట్టిందా? ఎక్కడున్నావ్ నువ్వు?"

"వైతారాలో. ఫ్రేజర్, మెర్వ్ గ్యారేజీలోంచి తెచ్చిన కాగితాలు ఎక్కడ పెట్టారు?"

అటువైపు గది తలుపు మూసిన చప్పుడు.

"ఏ కాగితాలు?"

బెరిల్ అడుగు దూరంలో నిలబడి ఉంది. ఆ మాట ఆవిడకీ వినిపించింది. చెయ్యి చాచింది. "ఇటివ్వమ్మా." మరాయా ఫోను ఇచ్చింది.

"ఫ్రేజర్, నేను బెరిల్‌ని. ఆ రోజు నీ కారు డిక్కీ మూతపడకపోతే, మోకాలుతో నొక్కి మూసింది నేనే." ఆవిడ గొంతులో వణుకు లేదు. "నువ్వు వెళ్ళాక మెర్వ్ నాతో ఒక మాటన్నాడు. మతి లేని మాట అనుకుని ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదు. నన్ను చెప్పమంటావా? ఈ అమ్మాయి నా ఎదురుగానే ఉంది."

ఫోను కట్టయింది. బెరిల్ దాన్ని మరాయా చేతిలో పెట్టి, మూడు నెలలుగా మోస్తున్న ఆ మాట చెప్పేసింది. "'మూయకుండానే మూసేశామని సంతకం పెట్టింది ఫ్రేజరే, ఆ కాగితం ఇక ఎవరికీ కనబడనివ్వడు' అన్నాడమ్మా."